సారె లేకుండా కుండ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చెరువు మట్టి తెచ్చి, సారె (కుమ్మరి చక్రం) ఎక్కించకుండా చేత్తోనే కుండ కట్టి, పిడకల మంటలో కాల్చడం నాకు ఏడెనిమిదేళ్ళుగా పట్టిన పిచ్చి. కుమ్మరి ఇంట్లో పుట్టినవాణ్ణి కాను. మా అమ్మమ్మ గారి ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గర కూర్చుని కొంత, సొంతంగా పగలగొట్టుకుని కొంత నేర్చుకున్నాను. చూడడానికి వచ్చినవాళ్ళు, ఫోన్ చేసినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. చాలామంది ప్రశ్న ఒకటే: "నా కుండ ఎందుకు పగిలింది?" దానికి జవాబు ఒక్కచోట లేదు. మట్టి దగ్గర కొంత, ఎండబెట్టే దగ్గర కొంత, మంట దగ్గర కొంత ఉంది.

సారె మీద చేసేదీ చేతులతోనే కదా, తేడా ఏమిటి?

సారె తిరిగే వేగమే అక్కడ మట్టిని పైకి లేపుతుంది, చెయ్యి దారి చూపిస్తుంది. సారె లేనప్పుడు మట్టిని తాళ్ళలా వత్తి ఒకదాని మీద ఒకటి పేర్చి, చెక్కతో తట్టి, గులకరాయితో రుద్ది ఆకారం తేవాలి. ఒక కడవ చేయడానికి సారె మీద కొన్ని నిమిషాలు చాలు, చేత్తో అయితే రెండు మూడు రోజులు. మరి ఎందుకింత కష్టం అంటే, సారె కొనక్కర్లేదు, నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టదు, ఎంత పెద్ద కుండైనా చేయొచ్చు. ధాన్యం పోసుకునే పెద్ద బానల్లాంటివి సారె మీద ఒక్క ఊపులో లేవవు.

ఇది నిజంగా అంత పాత పద్ధతా? మన దగ్గర ఆధారాలున్నాయా?

ఉన్నాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే చోట (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) పెద్ద బూడిద దిబ్బ ఉంది. 1957లో రేమండ్ ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త దాన్ని తవ్వాడు. నాలుగున్నర వేల ఏళ్ళ కిందటి పశువుల దొడ్డి అది. పేడ పేరుకుని, మళ్ళీ మళ్ళీ కాలి ఆ దిబ్బ అయింది. అందులో దొరికిన బూడిదరంగు కుండలు చేత్తో చేసినవి, రాయితో రుద్ది నునుపు తెచ్చినవి. కొన్నిటికి కాల్చిన తర్వాత జేగురు మట్టితో ఎర్రటి పట్టీలు వేశారు. పశువులు, పేడ, మట్టి, మంట, నాలుగూ ఒక్క దొడ్లోనే ఉన్నాయన్నమాట. పిడకలతో కుండ కాల్చే ప్రతిసారీ నాకు ఆ దిబ్బే గుర్తొస్తుంది.

ఆ తర్వాత ఇనుప యుగం సమాధుల్లో, అంటే ఊళ్ళలో రాక్షస గుళ్ళు అని పిలిచే ఆ రాతి కట్టడాల్లో, లోపల నలుపు బయట ఎరుపు ఉన్న కుండలు దొరుకుతాయి. వాటి సంగతి కింద విడిగా రాశాను.

ప్రపంచం మొత్తం మీద చూస్తే ఇంకా పాతవి ఉన్నాయి. చైనాలోని షియన్‌రెన్‌డోంగ్ గుహలో దొరికిన పెంకులకు సుమారు ఇరవై వేల ఏళ్ళు. వ్యవసాయం కంటే కుండే ముందు పుట్టింది.

ఇప్పుడు ఎవరైనా ఇలా చేస్తున్నారా?

మన కుమ్మరులు సారె వాడతారు, కానీ సగం పనే దాని మీద జరుగుతుంది. మిగతా సగం కొట్టడమే (ఇది కూడా కిందే చెప్తాను). సారె అసలు లేకుండా చేసేవాళ్ళను చూడాలంటే ఈశాన్యం వెళ్ళాలి. అస్సాంలో మాజులి ద్వీపం మీద సల్మోరా, మణిపూర్‌లో ఆంద్రో, మేఘాలయలో లార్నై. ఈ చోట్లన్నిటా కుండలు చేసేది ఆడవాళ్ళే. మణిపూర్‌లోనే లాంగ్‌పి ఊళ్ళలో తాంగ్‌ఖుల్ నాగాలు రాతిపొడిని మట్టితో కలిపి నల్లటి వంట పాత్రలు చేస్తారు. అంగట్లో వాటి ధర చూస్తే గుండె ఆగుతుంది గానీ, చేసే తీరు చూశాక ఆ ధర న్యాయమే అనిపిస్తుంది. నికోబార్ దీవుల్లో చౌరా కుండలకు కూడా పాత పేరుంది.

మన దగ్గర కుమ్మరి ఇళ్ళలో మట్టి తొక్కడం, ఎండబెట్టడం, పూత పెట్టడం ఆడవాళ్ళు చేసినా, సారె ముందు కూర్చునేది ఎక్కువగా మగవాళ్ళే. చేత్తో చేసే చోట్ల ఆ తేడా తిరగబడింది.

మట్టి ఎక్కడ దొరుకుతుంది? ఏ మట్టైనా పనికొస్తుందా?

రాదు. ఎండాకాలం చెరువు అడుగు పగుళ్ళిచ్చినప్పుడు, పై పొర తీసేస్తే కింద జిగురుగా వచ్చేది మంచి మట్టి. వాగు ఒడ్డున పేరుకున్న ఒండ్రు కూడా బాగుంటుంది. పంచాయతీలో ఒక మాట అడిగి తవ్వండి. ఫ్యాక్టరీల పక్కన, చెత్త పారబోసే చోట మాత్రం వద్దు, ఆ కుండలో రేపు మీరు నీళ్ళు తాగాలి.

పరీక్ష సులువు. తడి మట్టిని పెన్సిలంత లావుగా వత్తి వేలికి ఉంగరంలా చుట్టండి. విరక్కుండా చుట్టుకుంటే సరే. రెండో పరీక్ష చాలామంది చేయరు, తర్వాత ఏడుస్తారు. ఎండిన మట్టి ముక్క మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేయండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉంది.

సున్నం ఉంటే ఏమవుతుంది?

ఇది నా మీదికే వచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మన నల్లరేగడి నేలల్లో తెల్లటి సున్నపు గుళ్ళు ఉంటాయి. వాటిని ఏరకుండా మట్టి కలిపి కుండ చేస్తే, మంటలో ఆ గుళ్ళు కాలి సున్నం అవుతాయి. కుండ బాగానే బయటికొస్తుంది. మీరు సంబరపడి అరలో పెడతారు. ఆ సున్నం గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బడం మొదలుపెడుతుంది. నాలుగో రోజు రాత్రి అరలోంచి టప్‌మని శబ్దం వస్తే బల్లి అనుకున్నాను. పొద్దున చూస్తే కుండ పొట్ట మీద రూపాయి బిళ్ళంత పెచ్చు లేచి, మధ్యలో తెల్ల చుక్క. వారంలో అలాంటివి తొమ్మిది లేచాయి.

నల్లరేగడికి ఇంకో జబ్బు కూడా ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే విపరీతంగా కుంచించుకుంటుంది. వేసవిలో చేలో కాలు దిగేంత బీటలు చూశారుగా, అదే మీ కుండకూ జరుగుతుంది. ఒట్టి రేగడి వాడకండి. వాడాల్సి వస్తే ఇసుక, ఎర్రమట్టి ధారాళంగా కలపండి.

మట్టిని ఎలా సిద్ధం చేయాలి?

ముందు పూర్తిగా ఎండబెట్టి దంచండి. తడి మట్టి గడ్డను నీళ్ళలో వేస్తే రోజుల తరబడి అలాగే ఉంటుంది, ఎండిన గడ్డ గంటలో చిట్లిపోయి కరుగుతుంది. రెండు రోజులు నానాక చేత్తో కలియబెట్టి, దోమతెర గుడ్డలో వడగట్టండి. రాళ్ళు, వేళ్ళు, నత్తగుల్లలు పైన మిగిలిపోతాయి. నత్తగుల్ల కూడా సున్నమే, మర్చిపోకండి. కిందికి దిగిన మట్టి జావ మీద తేరిన నీళ్ళు వంచేసి, మిగతాది పాత పంచెలో మూటగట్టి చెట్టుకు వేలాడదీస్తే మూడు నాలుగు రోజుల్లో చపాతీ పిండి పదునుకి వస్తుంది.

అప్పుడు తొక్కాలి. గోనె పరిచి, ఇసుక చల్లుకుంటూ మడమతో తొక్కి, మడిచి, మళ్ళీ తొక్కడం. లోపల గాలి బుడగలు పోవాలి, తడి అంతటా ఒకటే కావాలి. తొక్కిన ముద్దను తీగతో కోసి చూడండి, కోత నున్నగా చిల్లుల్లేకుండా ఉండాలి. ఆ తర్వాత తడి గోనె కప్పి ఎన్ని రోజులు ఊరనిస్తే అంత మంచిది. నేను కనీసం పదిహేను రోజులు వదిలేస్తాను. కొంచెం వాసన వస్తుంది, కంగారుపడొద్దు.

ఇసుక, ఊక ఎందుకు కలుపుతారు? అచ్చం మట్టైతే ఇంకా గట్టిగా ఉండదా?

అందరూ అలాగే అనుకుంటారు. కానీ అచ్చం బంకమట్టి ఎండినప్పుడు బాగా కుంచించుకుంటుంది, లోపలి తడి బయటికి రావడానికి దారి ఉండదు. ఇసుక రేణువులు ఆ కుంచించుకోవడాన్ని తగ్గిస్తాయి. ఊక, పేడ అయితే మంటలో కాలిపోయి సన్నని రంధ్రాలు వదులుతాయి. వంట కుండకు ఆ రంధ్రాలే ప్రాణం, వేడికి సాగినా చీలిక ముందుకు పాకకుండా అక్కడే ఆగుతుంది. పాత పెంకులు దంచిన పొడి అన్నిటికంటే మంచిది, ఎందుకంటే అది ఒకసారి కాలిన మట్టే.

నా కొలత నాలుగు పాళ్ళ మట్టికి ఒక పాలు ఇసుక లేదా పెంకుల పొడి. మీ మట్టికి ఎంతన్నది మీ మట్టే చెప్పాలి. చిన్న బిళ్ళలు మూడు నాలుగు కొలతల్లో చేసి ఎండబెట్టి చూసుకోండి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది, గవ్వల ముక్కలు సున్నమై పేలతాయి.

ఇక కుండ కట్టడం ఎలా?

చేగోడీలకు పిండి వత్తడం వస్తే సగం పని వచ్చినట్టే. పాత చట్టిలో బూడిద చల్లి, అందులో అరచేతి మందం మట్టి రొట్టె పరిచి అడుగు చేసుకోండి. చట్టి ఆకారానికి అడుగు గుండ్రంగా వస్తుంది, బూడిద వల్ల అతుక్కోదు. ఆ చట్టే మీ సారె కూడా, దాన్ని చేత్తో తిప్పుకుంటూ పని చేస్తారు.

బొటనవేలి లావు తాడు వత్తి, అంచు మీద చుట్టూ పెట్టి, లోపలి వైపు వేలితో కిందికి, బయటి వైపు పైకి రాసి కలిపేయాలి. రెండు వైపులా గీత మాయం కావాలి. తాడుకు తాడుకు మధ్య జాయింటు సరిగా కలవకపోతే మంటలో కుండ అక్కడే ఉంగరంలా ఊడివస్తుంది. అంచు ఆరిపోయి ఉంటే దాన్ని గీరి, మట్టి జావ రాసి అప్పుడు పెట్టండి.

తొందరపడి ఒకే రోజు జానెడు ఎత్తు లేపితే కింది భాగం బరువు మోయలేక కుండ కూలబడుతుంది. నాలుగు వేళ్ళ ఎత్తు లేపాక ఆపండి, అంచు మీద మాత్రం తడిగుడ్డ కప్పండి. కింద కాస్త గట్టిపడ్డాక మళ్ళీ మొదలెట్టండి. కుండ వెడల్పు కావాలంటే తాడును అంచుకు కొంచెం బయటగా, ఇరుకు కావాలంటే లోపలగా పెట్టాలి. ఇంతకంటే పెద్ద రహస్యం లేదు.

కుమ్మరులు చెక్కతో కుండను కొడుతుంటారు, పగలదా?

పగలదు, అప్పుడే అది కుండ అవుతుంది. మన కుమ్మరి సారె మీంచి దించినప్పుడు కుండకు అడుగు ఉండదని చాలామందికి తెలియదు. మెడ, మూతి, మందపాటి గోడ మాత్రమే ఉంటాయి. కాస్త ఆరాక లోపల గుండ్రటి రాయి ఆనించి, బయట చెక్కతో కొడుతూ కొడుతూ ఆ మందాన్ని సాగదీసి అడుగు మూస్తారు. గోడ పలచబడుతుంది, మట్టి బిగుస్తుంది, పొట్ట గుండ్రం తిరుగుతుంది. కుండ అడుగు గుండ్రంగా ఉంటే మంట అంతటా సమంగా తగులుతుంది, మూల లేదు కాబట్టి చీలిక మొదలయ్యే చోటూ ఉండదు.

మనమూ అదే చేయాలి. గోరు నొక్కితే గీత పడాలి, వేలు నొక్కితే దిగకూడదు, ఆ పదునులో మొదలెట్టండి. లోపల చెయ్యి ఎక్కడుందో బయట దెబ్బ సరిగ్గా అక్కడే పడాలి. మెల్లగా, ఎక్కువసార్లు. నా మొదటి కుండకు చెక్క లోపలికి దూసుకుపోయింది. పెద్దాయన నవ్వి "కుమ్మరికి ఒక ఏడాది, గుదియకు ఒక పెట్టు" అన్నాడు. ఆ సామెత అప్పటిదాకా వందసార్లు విన్నాను, ఆరోజు అర్థమైంది.

గ్లేజు (గాజులాంటి పూత) లేకుండా కుండకు మెరుపు ఎలా వస్తుంది?

గులకరాయి. వాగులో దొరికే నున్నటి రాయితో, కుండ దాదాపు ఆరాక, చిన్నచిన్నగా రుద్దుతూ పోవడమే. పై పొరలోని రేణువులన్నీ ఒకే వైపు పడుకుని వెలుగును తిప్పి కొడతాయి. ఎర్రగా కావాలంటే ముందు జేగురు మట్టిని నీళ్ళలో కలిపి, తేరిన సన్నని భాగం మాత్రం పూసి ఆరాక రుద్దండి. సీరియల్ చూస్తూ చేసుకోవచ్చు. మంట మరీ ఎక్కువైతే ఈ మెరుపు పోతుంది, తక్కువ వేడిలో కాల్చే కుండలకే ఇది నిలుస్తుంది.

ఎండలో పెట్టగానే బీటలిచ్చింది. ఏం తప్పు చేశాను?

ఎండలో పెట్టడమే తప్పు. అంచు పలచన, త్వరగా ఆరి కుంచించుకుంటుంది. అడుగు మందం, ఇంకా తడిగా ఉంటుంది. ఈ ఇద్దరి మధ్య గోడ చీలిపోతుంది. గాలి ఆడని గదిలో నీడన పెట్టి, అంచుకు తడిగుడ్డ చుట్టి, అంచు గట్టిపడ్డాక బోర్లించండి. పది రోజులు నీడలో, చివరి రెండు రోజులే ఎండలో. ఫ్యాను కింద పెట్టకండి, ఒక పక్కే ఆరుతుంది. వానాకాలం నేను కుండలు చేయనే చేయను.

పడిన బీటను మట్టితో పూడ్చవచ్చా అంటే, తడిగా ఉన్నప్పుడైతే పూడ్చి కొట్టవచ్చు. ఆరిపోయాక పూడ్చినా మంటలో మళ్ళీ తెరుచుకుంటుంది. దాన్ని నీళ్ళలో పడేసి మళ్ళీ మొదలెట్టడం మేలు.

పెరట్లో ఎలా కాల్చాలి?

కుమ్మరి కుండలు కాల్చే ఆవం (కొన్నిచోట్ల వాము అంటారు) పెద్దది, వందల కుండలు పడతాయి. మనకు పది కుండల చిన్న ఆవం చాలు. నా మొదటిసారి పద్నాలుగు పెడితే పదకొండు పేలాయి, టపాకాయల్లా. కారణం నీళ్ళు. పొడిగా కనిపించే కుండలో కూడా తేమ ఉంటుంది. వంద డిగ్రీలు దాటగానే అది ఆవిరై, బయటికి దారి లేక గోడను బద్దలు కొడుతుంది. కాబట్టి ముందు కుండల చుట్టూ దూరంగా చిన్న మంట పెట్టి, రెండు మూడు గంటలు తిప్పుతూ కాచండి. కుండ మూతి మీద చల్లని స్టీలు పళ్ళెం పెట్టి తీయండి, చెమట పడితే ఇంకా తడి ఉన్నట్టే.

తర్వాత నేల మీద ఊక, దాని మీద జానెడు మందం పిడకలు. కుండలు బోర్లించి పేర్చండి, మధ్య సందుల్లో పిడకలు దోపండి. పైన మళ్ళీ పిడకలు, వరిగడ్డి, చుట్టూ పాత పెంకులు, ఆ మీద తడిమట్టి పలచగా మెత్తి అక్కడక్కడా చిల్లులు వదలండి. కట్టెలకంటే పిడక మంచిదెందుకంటే మెల్లగా, అంతటా ఒకేలా కాలుతుంది. కింద నాలుగు వైపులా అంటించి వదిలేయడమే.

దాదాపు 500–600 డిగ్రీల మధ్య మట్టి రేణువులలో బంధించి ఉన్న నీరు కూడా పోతుంది. అక్కడ దాటితే మట్టి మళ్ళీ మట్టి కాదు. ఇలాంటి ఆవం 700 నుంచి 850 డిగ్రీల దాకా వెళ్తుంది. చిల్లులోంచి చూస్తే లోపల కుండ ముదురు ఎరుపుగా వెలుగుతుంటే పనైనట్టే. అసలు పరీక్ష ఓపికకు, మర్నాడు పొద్దున దాకా తెరవకూడదు. వేడి కుండకు చల్లగాలి తగిలితే సన్నటి చీలిక పడుతుంది, నీళ్ళు పోశాకే అది బయటపడుతుంది.

కాలిందో లేదో ఎలా తెలుస్తుందంటే, వేలితో కొడితే ఖంగుమనాలి, బొదబొదమనకూడదు. అనుమానం ఉంటే ఒక ముక్కను రాత్రంతా నీళ్ళలో ఉంచండి. మెత్తబడితే కాలలేదు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. గ్యాస్ స్టవ్ మీదో, ఓవెన్‌లోనో కాల్చవచ్చా?

ఓవెన్ 250 డిగ్రీలకు మించదు. కుండ బాగా ఆరుతుంది, కాలదు. చేసేది ఇంట్లో చేసుకుని, దగ్గర్లోని కుమ్మరి ఆవంలో పెట్టమని అడగండి. అడిగే ముందు రెండు కుండలు కొనండి, కాల్చినందుకు డబ్బులివ్వండి. మీ కుండ పేలితే పక్కన ఉన్న వాళ్ళ కుండలూ పోతాయి, అది వాళ్ళ కూలి. అందుకే పూర్తిగా ఆరని కుండ తీసుకెళ్ళకండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్ళు పెరట్లో మంట పెట్టే ముందు అక్కడి ఫైర్ డిపార్ట్‌మెంట్ నియమాలు చూసుకోవాలి. స్టూడియోలో కరెంటు బట్టీ దొరికితే 1000 డిగ్రీల దగ్గర ఆపమనండి. వాగులో తెచ్చిన మట్టిని 1200కి తీసుకెళ్తే కుండ కరిగి బట్టీ అరకు అతుక్కుపోతుంది, ఆ బిల్లు మీకే వస్తుంది.

ఆ నలుపు-ఎరుపు కుండలు చేయగలమా?

చేయగలం, అదే నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. రంగు రెండు రకాలుగా మారుతుంది. మట్టిలో ఇనుము ఉంది. గాలి బాగా ఆడితే అది ఎర్రబడుతుంది, తుప్పు రంగు అదే. గాలి అందకపోతే నల్లబడుతుంది, పైగా పొగలోని మసి రంధ్రాల్లో దిగుతుంది. కుండను ఊకలో బోర్లించి కాలిస్తే లోపల, మూతి చుట్టూ గాలి ఉండదు కాబట్టి నలుపు, బయట ఎరుపు. పాతకాలంలో ఇలాగే చేశారని కొందరి మాట. ముందు మొత్తం ఎర్రగా కాల్చి, వేడిగా ఉండగానే బయటికి తీసి ఊకలో బోర్లించారని ఇంకొందరి మాట. రెండూ చేసి చూశాను. రెండో పద్ధతిలో నలుపు-ఎరుపు మధ్య గీత తేటగా వస్తుంది, కానీ పొడుగాటి కర్రతో ఎర్రటి కుండను ఎత్తాలి. కాటన్ బట్టలు, తోలు చేతితొడుగులు, పక్కన బకెట్ నీళ్ళు లేకుండా ఆ పనికి దిగకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇందులో వండుకోవచ్చా?

వండుకోవచ్చు, రంగులు వేయనంతవరకు. పెయింటు, వార్నిష్ ఉన్నవి అలంకారానికే. కొత్త కుండను ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, తర్వాత గంజి పోసి సన్న మంట మీద మరిగించండి. గంజిలోని పిండి రంధ్రాల్లో దిగి చెమ్మ తగ్గుతుంది. నాలుగు వంటలు అయ్యేసరికి కుదురుకుంటుంది. చేపల పులుసుకు ఒక చట్టి విడిగా ఉంచండి, పాలకు వాడే దుత్త దగ్గరికి దాన్ని పోనివ్వకండి. సబ్బు వద్దు, బూడిదో పీచో చాలు.

నీళ్ళు పోస్తే బయటంతా చెమరుస్తోంది, పాడైనట్టా?

మంచినీళ్ళ కుండ అలాగే ఉండాలి. ఆ చెమట ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది, అందుకే నీళ్ళు చల్లగా ఉంటాయి. బొట్లు బొట్లుగా కారుతుంటే మాత్రం సరిగా కాలలేదనో, చీలిక ఉందనో అర్థం. కొన్ని నెలలకు చల్లదనం తగ్గితే నీళ్ళలోని సున్నం రంధ్రాలను మూసిందన్నమాట. పీచుతో బయట గట్టిగా రుద్ది రెండు రోజులు ఎండలో పెట్టండి.

పగిలినవాటిని ఏం చేయాలి?

కాలనివైతే దంచి నీళ్ళలో వేయండి, మళ్ళీ మట్టే. కాలినవైతే పెద్ద పెంకులు దాచండి, తర్వాతి ఆవం కప్పడానికి పనికొస్తాయి. చిన్నవి రోట్లో వేసి దంచి, జల్లించి, డబ్బాలో పోసి పెట్టుకోండి. దంచేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నా పదకొండు కుండల పొడి రెండేళ్ళు వచ్చింది.